మొదటి మలుగు

చాన్నాళ్లకి తమ్ముడు పిరిపితో కలిసి సరస్సుకెళ్లాను. తెల్లారగట్ల వేసిన చేపలబుట్ట పైకి లాగాడు. లోపల ఒకే ఒక్క మలుగుపాము, అదే పాములాంటి చేప, మెలికలు తిరుగుతోంది. దాన్ని తిరిగి నీళ్లలోకి వదలకుండా బకెట్లో వేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. మా మావోరీల్లో ఏటా మొదట పడింది నీళ్లది. రెండోదాని నుంచే మాది.

"సిగ్గులేదురా? కడుపు అంతలా కాలిపోతోందా?"

"అరవకక్కా," అని ఇంటిదారి పట్టాడు.

తిడుతూనే వెంట నడిచాను. రేవంతా ఆకుపచ్చ తెట్టు కట్టి కంపు కొడుతోంది. 'నీళ్లు తాకరాదు' అన్న బోర్డు పక్కనుంచే సెలవులకొచ్చినవాళ్లు మరపడవలు దింపుకుంటున్నారు.

పిరిపి వంటింట్లోకి పోలేదు. పెరట్లో వాననీళ్ల తొట్టి మూత తీసి, మలుగుని మెల్లగా అందులోకి జార్చాడు.

"అక్కడ వదిలితే చస్తుందక్కా. అందుకే ఇక్కడ వదులుతున్నా."

వంగి చూశాను. అడుగున ఇంకొన్ని కదిలాయి.

"ఇవెక్కడివిరా?"

"నిరుటిది, ముందటేడుది, అంతకు ముందుది. అన్నీ మొదటివే."

"మరి రెండోవి?"

"రెండోది పడితే కదా."

వాడికి తెలియనిదేదో చెప్తున్నట్టు అన్నాను.

"గుడ్లు పెట్టాలంటే ఇవి సముద్రం దాకా పోవాలి కదరా."

"ఏటా శరత్కాలంలో తొట్టి గోడ పట్టుకుని పైకి ఎగబాకుతాయక్కా, పోదామని."

మూత వేసి, దానిమీద బండరాయి ఎత్తి పెట్టాడు.