ఫిరోజ్ గొంతు

“ఫిరోజ్ పేరున్న ఫోల్డర్లలోనే వెతకమ్మా,” అన్నాడు క్రేన్ ఆపరేటర్ గురునాథరావు.

యార్డు ఆఫీసులో నీలిమ ‘ఫైండ్’ కమాండ్ కొట్టింది. ఏమీ రాలేదు. క్రేన్ ఎవరి లాగిన్‌తో నడిస్తే, వాకీటాకీ మాటలు రికార్డయి వాళ్ళ ఫోల్డర్లోనే చేరతాయి.

“ఆకరి రోజు మాటొక్కటైనా లేదేటమ్మా?” అంది నర్గీస్. ఆమె భర్త ఫిరోజ్ క్రేన్ మీంచి పడి చనిపోయి నెలయింది.

“ఫోల్డర్ పేరు తీసేసి, ఆ తేదీతో సూత్తానుండు,” అంది నీలిమ.

“ఒద్దమ్మా, ఒగ్గియ్,” అన్నాడు గురునాథరావు.

ఫైలు దొరికింది, గురునాథరావు ఫోల్డర్లో. నీలిమ నొక్కింది. స్పీకర్లోంచి ఫిరోజ్ గొంతు వచ్చింది.

“బావా, నీ డ్యూటీ నాను సేసెత్తాన్లే. నువ్వు షెడ్డులో తొంగో. ఇంటన్నావా?”

నర్గీస్ గురునాథరావు వైపు తిరిగింది. అతను స్పీకర్‌నే చూస్తున్నాడు.

“ఇంటన్నాన్రా,” అన్నాడు.