మామగారి నమ్మకం

టీవీ చర్చకు ఆమెను సముద్ర శాస్త్రవేత్తగా పిలిచారు. ఎదుటి కుర్చీలో అధికార పార్టీ ప్రతినిధిగా స్వయానా ఆమె మామగారే కూర్చున్నారు.

"ధ్రువాల మంచు కరిగి మంచినీళ్లు సముద్రంలో కలుస్తున్నాయి. ఉప్పు తగ్గి తేలికైన నీరు అడుక్కి దిగదు. దాంతో లోతుల్లో పారే ప్రవాహం మందగిస్తోంది. ఇలాగే సాగితే వానలు గతి తప్పుతాయి, మన తీరంలో సముద్రం ఇంకా పైకొస్తుంది," అందామె.

మామగారు పగలబడి నవ్వారు. "మా కోడలు మంచి పిల్లే. కాకపోతే వంటింట్లో కుళాయి కారినా ప్రళయం అంటుంది!"

స్టూడియో అంతా గొల్లుమంది. ఆమె ముఖం కందగడ్డయింది.

ఇంటికి వెళ్తూ కారులో అడిగేసింది. "నా మాట ఒక్కటైనా మీ చెవికెక్కిందా మామయ్యగారూ?"

"ఎక్కకేమమ్మా! నువ్వు ఇంట్లో మొదటిసారి చెప్పినప్పట్నుంచీ నాకు నిద్ర పడితే ఒట్టు. బీచి పక్కనున్న ఇల్లు చడీచప్పుడు లేకుండా అమ్మేశాను."

ఆమె కళ్లు చెమర్చాయి. ఇంట్లో ఒక్కరైనా తన మాట నమ్మారు.

"ఎవరు కొన్నారు?"

"మీ నాన్నగారే. నీకు చెబితే భయపెడతావని దాచారట. పాపం, టీవీలో నా చర్చ ఒక్కటీ వదలరాయన."