తిరిగితే చాలు

“ఇది కూడా తగిలించు బాబూ” అంటూ కూర్మమ్మ చీరగుడ్డలో చుట్టిన మూటను బల్ల మీద పెట్టింది.

వేణుమాధవ్ మూట విప్పి నిట్టూర్చాడు. లోపల ఒక హార్డ్ డిస్కు. పైన లేబులు కూడా లేదు, ఎప్పుడో ఊడిపోయినట్టుంది.

అది మలేషియాలోని బంటింగ్‌లో కూర్మమ్మ కూతురు పుష్పవల్లి నడిపే బైకు నంబరు ప్లేట్ల అంగడి. స్టిక్కర్లు కోసే మెషీనుకు జతచేసిన కంప్యూటరు ముసలిదై, పొద్దున్నే బటను నొక్కితే టీ తాగి వచ్చినా లేవడం లేదు. మేడ మీద గదిలో అద్దెకుంటున్న వేణుమాధవ్ ఆంధ్రా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆదివారం కదా అని, పాత డిస్కు పీకి కొత్త ఎస్సెస్‌డీ డిస్కు బిగించాడు. కంప్యూటరు పన్నెండు సెకన్లలో లేచి కూర్చుంటే పుష్పవల్లి నోరు తెరుచుకుని చూసింది. ఆ గొప్పను అతను ఇంకా పూర్తిగా అనుభవించనే లేదు, ఇంతలో ఈ మూట.

“మామ్మగారూ, బోర్డు మీద కేబుల్ పెట్టే చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి కొత్త డిస్కుకి, ఒకటి సీడీ డ్రైవుకి. దీనికి చోటు లేదు.”

“సీడీది తీసీ. ఇప్పుడెవులు సూస్తన్నారు?”

పుష్పవల్లి అతని పక్కకొచ్చి, ఆ దేశపు అలవాటుగా మాట చివర ‘లా’ తగిలిస్తూ గొంతు తగ్గించింది. “పెట్టీ లా, తంబీ. బీరువాలో నగల పక్కన దాస్తాది. ఎవుల్నీ ముట్టనివ్వదు. పోయిన మా నాయన ఫొటోలుంటాయని నా అనుమానం. ఎంతడిగినా సెప్పదు.”

ఆ మాట విన్నాక కాదనడానికి అతనికి మనసొప్పలేదు. కంప్యూటరు ఆపి, సీడీ డ్రైవు కేబుల్ లాగేసి, డిస్కును గుప్పిట పట్టుకుని ఎత్తాడు.

“అలగ పట్టుకుంటారేటి?” అంది కూర్మమ్మ. “అడుగునున్న పచ్చబోర్డు ముట్టకు. అంచులు పట్టుకో. ముందల ఆ ఇనప్పెట్టిని ఓపాలి తాకు, ఒంట్లో కరెంటు పోతాది.”

వేణుమాధవ్ ఆమె వంక వింతగా చూశాడు. ఆ జాగ్రత్త కాలేజీలో అతనికీ చెప్పారు. అతనే ఏనాడూ పాటించలేదు.

డిస్కు తగిలించి కంప్యూటరు ఆన్ చేశాడు. సన్నటి మూలుగు వినిపించి ఆగిపోయింది. మళ్ళీ మూలుగు, మళ్ళీ ఆగింది.

“తిరగడం లేదు మామ్మగారూ. ఇది పోయింది.”

కూర్మమ్మ డిస్కు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. “పోనేదు. తిరుగుదారనే సూస్తన్నాది. తొమ్మిదేళ్ళు పడుకున్నాది కదా, లోన పట్టీసినాది. ఆపీసి ఇలగియ్యి.”

“వద్దండీ. బలవంతం చేస్తే లోపలి రేకులు గీసుకుపోతాయి. ఉన్నదంతా పోతుంది. క్లాంగ్ టౌనులో తెలిసినవాళ్ళకి చూపిద్దాం.”

“పోతే పోనీ. తిరగాల, అంతే.”

“అమ్మా, నాయన ఫొటోలే” అని పుష్పవల్లి చెయ్యి పట్టుకోబోయింది. కూర్మమ్మ వినిపించుకోలేదు. తనే కంప్యూటరు ఆపి కేబుళ్ళు లాగింది. డిస్కును అంచులతో పట్టి, తిరగలి తిప్పినట్టు మణికట్టుతో చురుగ్గా ఒక్క తిప్పు తిప్పి టక్కున ఆపింది. మరోసారి తిప్పింది. తరవాత రెండు కేబుళ్ళూ తనే గుచ్చింది. కళ్ళజోడు లేదు, చూపు అటు లేదు, వేళ్ళు మాత్రం వాటి చోటికి అవే వెళ్ళాయి.

“ఇప్పుడెయ్యి బాబూ.”

వేణుమాధవ్ బటను నొక్కాడు. మొదట మూలుగే. తరవాత ఏదో విడిపోయినట్టు చిన్న శబ్దం, ఆ వెనక సన్నగా మొదలై పెరుగుతున్న రొద.

“ఇంకా ఎక్కాల” అంది కూర్మమ్మ, చెయ్యి దాని మీదే ఉంచి. “ఇంకొంచెం. ఆఁ, నిండా ఎక్కినాది.”

సరిగ్గా ఆమె అన్న క్షణానికే రొద పెరగడం మాని ఒక్క స్థాయిలో నిలకడగా సాగింది. వేణుమాధవ్‌కి ఒళ్ళు జలదరించింది. పదేళ్ళుగా కంప్యూటర్లతో బతుకుతున్నాడు, ఒక్కదాన్నీ ఇలా విన్న పాపాన పోలేదు. ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, సిగ్గేసి ఊరుకున్నాడు.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు మామ్మగారూ?”

“ముందల అందులో ఏటుందో సూసుకోండి. మీకదే కదా కావాల.”

అతను తెర వైపు తిరిగాడు. డిస్కు ఉన్నట్టు కనిపిస్తోంది. సైజు ఎదురుగా మాత్రం సున్నా. మూసి మళ్ళీ తెరిచాడు. ఇంకో దారిలో వెతికాడు. సున్నాయే. పుష్పవల్లి స్టూలు మీద కూలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

వేణుమాధవ్ తెర మీంచి ఆమె వైపు తిరిగాడు. అంతటి చేతిని చూసిన సంతోషం కాస్తా నీరుగారిపోయింది. “మామ్మగారూ, అంతా పోయినట్టుంది. ఒక్క ఫొటో కూడా లేదు. తిప్పుతుంటే నేను ఆపవలసింది. తప్పు నాదే.”

కూర్మమ్మ కళ్ళు తెరవలేదు. రెండు చేతులూ ఆ రొద మీదే ఉన్నాయి, మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

“అందులో ఏటుంటాది బాబూ? నాను పన్జేసిన డిస్కుల ఫేక్టరీ మూసీసిన రోజు నా సేత్తో బిగించిన ఆకరి డిస్కు అది. తిరుగుతాదో నేదో సూసేలోగానే లైను ఆపీసి, దాన్ని నా సేతిలో ఎట్టి ఇంటికి పంపీసినారు.”