అడ్డంగా కూర్చునే బండి

"దుబాయిల నేను ఫోర్క్‌లిఫ్టుతోని ఒంటెను లేపి రెండో అంతస్తుల పెట్టిన బిడ్డా. మల్ల కిందికి దిగనని మొండికేసింది," అన్నాడు వెంకటనర్సయ్య.

మనుమరాలు వినీత నవ్వలేదు. సిద్దిపేట గోదాములో బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్టు ఆపరేటరు కొలువుకు ఇవాళే పరీక్ష. ఆమె కాలు ఒక్కచోట నిలవడం లేదు.

"నేను నేర్సుకున్నది డీజిల్ బండి తాతా. ముంగటికి చూసుకుంట నడుపుడు. వీళ్లేమో పై అరలకు అందే రీచ్ ట్రక్కు నడుపమంటున్రు. దాన్ల అడ్డంగ కూసోవాలె."

"అడ్డమెందుకు?"

"అరల నడుమ సందు ఇరుకు, బండి మలుపరాదు. మెడ మలిపితే ముందూ వెనకా రెండూ కనవడాలె. నాతోని కాదు, ఇంటికి పోదాం పా."

"చిన్నప్పుడు నా మోపెడ్ మీద చేర్యాలకు ఎట్ల కూసునేదానివి?"

"ఒక్క దిక్కు కాళ్లేసి."

"అడ్డమే గదా. గుంత వస్తున్నదని నాకంటె ముందు ఎవలు చెప్పేది?"

"యాదికి లేదు."

"నాకున్నది. నువ్వే."

సూపర్‌వైజర్ నరహరి వచ్చి వినీత పేరు పిలిచాడు. ఆమె లేచి వెళ్లింది. చున్నీ నడుముకు బిగించి, రీచ్ ట్రక్కును మోపెడ్ ఎక్కినట్టే ఎక్కి అడ్డంగా కూర్చుని మెడ తిప్పింది. బియ్యం బస్తాలు ఏ అంచుకూ తగలకుండా పై అరలోకి చేరాయి.

"సోమవారం నుంచి డ్యూటీకి రామ్మా," అన్నాడు నరహరి.

గేటు బయట ఆమె తాతను నిలదీసింది. "ఒంటె అబద్ధమే గదా?"

"దుబాయిల నేను గా ఫోర్క్‌లిఫ్టు బండ్లను కడిగిన, నడపలే. ఒంటెను టీవీల చూసిన."

వెంకటనర్సయ్య తాపీగా మోపెడ్ స్టార్టు చేశాడు.

"గుంతల ముచ్చట గూడ అల్లిందే బిడ్డా. చేర్యాల దాక నా వీపుకు ఒరిగి నిద్రవోయేదానివి."