రెండు నిమిషాల సాక్ష్యం

కుప్పం గోవిందప్ప అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధాన్ని నమ్మి, శాలేము రాజు కూతురు ప్రిస్కిల్లా మదనపల్లెలో నర్సు ఉద్యోగం మానేసింది. వాళ్ళమ్మ రాహేలు పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బంతా ఆన్‌లైన్ బిజినెస్ కోచింగ్‌కు కట్టేసింది.

పుంగనూరులో పొద్దున్నే బస్సెక్కిన శాలేము రాజు కుప్పంలో దిగాడు. గోవిందప్ప నడిపే పాలబూత్‌కు పోయి అతనికి ఫోన్ చూపించాడు.

"ఇది నువ్వే గదప్పా?"

ఫోన్లో గోవిందప్ప తెల్లకారుకు ఆనుకొని నవ్వుతున్నాడు. కోచింగ్ పుణ్యమా అని ఇంట్లోనే కూర్చొని నెలకు మూడు లక్షలు సంపాదిస్తున్నానని చెబుతున్నాడు.

"నేనే."

"యాడుండాయి మూడు లచ్చలు?"

గోవిందప్ప పాలగిన్నె మీద ఈగలు తోలాడు. "సూస్తాండావు గదా. ఈడుండాయి."

"ఆ కారు?"

"పెండ్లికి బాడుగకొచ్చిన కారు. డ్రైవరు టీకి పోయినాడు. నేను ఆనుకున్నా."

"సిగ్గు లేదా నీకు?"

"ఉండేది. నేనూ కట్టినోణ్ణే గదప్పా. నెయ్యి ఆన్‌లైన్లో అమ్మేది నేర్పిస్తామన్నారు. కట్టినాక, ఇంకో పెద్ద బ్యాచ్ ఉండాది, దాంట్లో చేరితేనే అసలు గుట్టు చెప్తామన్నారు. నా దుడ్డు నాకియ్యండని ఏడిస్తే, రెండు నిమిషాలు వీడియోలో మాట్లాడు, ఇస్తామన్నారు. మాట్లాడినా. ఇచ్చినారు."

"నీది నీకొచ్చింది. మరి నా బిడ్డది?"

"నీ బిడ్డ నన్నొక మాట అడిగిందా? ఫోనుండాది, బస్సుండాది. వచ్చి నా బూత్ సూసుంటే కట్టుండేదా?"

ప్రిస్కిల్లా అడగలేదు. అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. వాళ్ళ మందిరంలో ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెబితే అందరూ ఆమెన్ అంటారు. రుజువు చూపించమని ఎవరూ అడగరు. కోచింగ్ నడిపే శేఖర్ ఆమెకు పంపిన వీడియోలను సాక్ష్యాలనే అన్నాడు. ఈ రాత్రి దాటితే ధర రెట్టింపు అన్నాడు. ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దు, వెనక్కి లాగుతారన్నాడు. ఆఫీసు ఎక్కడని అడిగిన ఒకావిడను గ్రూపులోంచి తీసేశాడు. ఇవన్నీ చూసీ ప్రిస్కిల్లా కట్టింది.

"నా యెంట పుంగనూరుకు రా," అన్నాడు శాలేము రాజు. "పోలీసు స్టేషన్లో ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తే ముందు లోపలికి పోయేది నేనే. మొగం నాది గదా."

"థూ! పాలల్లో నీళ్ళు పోసేవాడు నీకంటే మేలు."

"అదీ పోస్తాను," అన్నాడు గోవిందప్ప. "పోప్పా, బేరాలు చెడగొట్టొద్దు."

శాలేము రాజు బూత్ ముందర ఉమ్మేసి బస్టాండుకు నడిచాడు. బస్సులో కూర్చొని శేఖర్‌కు ఫోన్ చేశాడు. ఏడోసారికి ఎత్తాడు.

"నా బిడ్డ దుడ్డు తిరిగిస్తావా, కేసు పెట్టల్లా?"

"పెట్టుకోండి అంకుల్. డబ్బు వాపసు ఉండదని ఒప్పందంలోనే ఉంది. మీ అమ్మాయి ఒప్పుకునే కట్టింది."

"నేను ఎవురనుకున్నావురా? సంఘ పెద్దను. పుంగనూరు నుంచి చౌడేపల్లె దాకా నా మాటంటే మాటే. నిన్ను బజారుకీడుస్తా."



"సంఘ పెద్దా మీరు?" అన్నాడు శేఖర్. గొంతులో పొగరు పోయింది. "కోపం వద్దండీ. సాయంత్రం నేనే మాట్లాడతాను."

గురువారం మధ్యాహ్నం ప్రిస్కిల్లా ఖాతాలో డబ్బు పడింది. ఆమె మూడుసార్లు చూసుకుంది. తండ్రి అన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చొని ఏడ్చింది.

"ఎట్లిచ్చినారు నాయనా? ఒక్కరికీ ఇయ్యలేదంట గదా!"

"నేనెవురో చెప్పినా."

"జడుసుకున్నాడా?"

"దారికొచ్చినాడు."

"అమ్మ దుడ్డు నాయనా అది. నేను చేసిన పనికి చచ్చిపోదామనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం మందిరంలో చెప్పు నాయనా. ఇంకెవురూ దాంట్లో పడకుండా ఉంటారు."

శాలేము రాజు మజ్జిగ పోసుకున్నాడు. తలెత్తలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ ప్రిస్కిల్లా రెండుసార్లు మోచేత్తో పొడిచింది. అతను లేవలేదు. ఆరాధన ముగిసి బయటికొస్తుంటే చౌడేపల్లె థామస్ పరుగున వచ్చి శాలేము రాజు చేతులు పట్టుకున్నాడు.

"వందనాలన్నా! నేనూ చేరినా."

"యాడ?"

"శేఖర్ సారు కోచింగులో. నిన్ననే కట్టినా. నాలుగావులూ అమ్మేసినా. మా ఇంటామె వద్దని ఒకటే ఏడుపు. నేను వింటానా?"

ప్రిస్కిల్లా ముందుకొచ్చింది. "ఎందుకు కట్టినావు చిన్నాయనా? కట్టేముందు మా నాయన్ను ఒక మాట అడిగుండొచ్చు గదా!"

"మళ్ళీ అడిగేదేముండాదమ్మా?" థామస్ నవ్వుతూ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు.

ఫోన్లో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, బైబిలు మీద చెయ్యి పెట్టి శాలేము రాజు చెబుతున్నాడు. "ఈ కోచింగుతో నా బిడ్డ బతుకు మారిపోయింది. దేవుని ముందర సాక్ష్యం చెప్తాండా."

ప్రిస్కిల్లా తండ్రి వైపు చూసింది.

"ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు," అని శాలేము రాజు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.