శుక్రవారం గాలి

బడి ముందు ముసలాయన ‘ఆగు’ పలక ఎత్తేసరికి లియొనీ కారు కీచుమని ఆగింది.

"తాబేళ్లు నయం! కాస్త త్వరగా దాటించవయ్యా పిల్లల్ని, పెద్దాయనా," అంది అద్దం దించి.

"వాళ్లవి పొట్టి కాళ్లమ్మాయ్. చక్రాలున్నది నీకు," అన్నాడాయన, దగ్గు ఆపుకుంటూ.

మెల్‌బోర్న్ పడమటి శివారులో, పెన్‌హాలో రోడ్డు మీద పిల్లలను దాటించడం ఆయన పని. కర్రకు గుండ్రని పలక కనుక అందరికీ లాలీపాప్ తాత. అసలు పేరు లియొనీ ఎన్నడూ అడగలేదు.

"మీ ఆఫీసువాళ్లకు శుక్రవారం ఇంటినుంచే పనట కదా?" అని అడిగాడు తాత.

"వచ్చే నెల నుంచి లేదు. ఐదు రోజులూ రావాల్సిందే. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టేది నేనే."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"పెట్టకమ్మా. మిగతా రోజుల్లో ఇక్కడికొచ్చేసరికి పదకొండు మంది పిల్లలు పొగకు ఆయాసపడి ఇన్‌హేలర్ తీస్తారు. శుక్రవారం ఇద్దరే. మీ నాలుగు వందల కార్లు ఇళ్ల దగ్గరుంటే అంత తేడా."

"కార్లు తగ్గితే నీకూ పని తగ్గుతుందనేగా నీ ఆశ!"

"అలాగే అనుకో," అని ఆయన పలక దించాడు.

ఆ వారమే ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. కవరు వెనుక ‘బడి దగ్గరి లాలీపాప్ తాత’ అని ఉంది. లియొనీ దాన్ని విప్పకుండానే చెత్తబుట్టలో వేసి, ఉత్తర్వు మీద సంతకం చేసింది.

శుక్రవారాలు కూడా పొగతో నిండాయి.

అక్కడ చలికాలమైన జూలైలో ఒక ఉదయం పలక ఒక కొత్త మనిషి చేతిలో కనిపించింది.

"తాత ఏడి?"

"పోయాడండీ, ఊపిరితిత్తుల జబ్బుతో. పదహారేళ్లు ఈ పొగలోనే నిలబడ్డాడు మరి. రేపే అంత్యక్రియలు."

లియొనీ వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. శవపేటిక మీద పూలు లేవు. పిల్లలు తెచ్చిపెట్టిన ఆ పలక ఉంది.

"రిటైరైన మర్నాడే నాన్న ఈ పనిలో చేరాడు," అంది ఆయన కూతురు. "ఇంట్లో కూర్చోవచ్చుగా అంటే, ‘నేను చేసినదానికి ఇదైనా చెయ్యనీవే’ అనేవాడు."

లియొనీ గుమ్మం దగ్గర చేతికిచ్చిన సంస్మరణ కార్డు విప్పి పేరు చదివింది: హ్యూ పెన్‌హాలో, ఇంజనీరు, ఆ ఆరు వరుసల రోడ్డును సరిగ్గా బడి గుమ్మం ముందు నుంచి గీసినందుకు, నగరం దానికి ఆయన పేరే పెట్టి గౌరవించింది.