అర్ధగంట ఫోను

చిట్టి కెజియాకు,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమనుకోకుండా అమ్మతో చదివించుకో.

ఆదివారం సాయంత్రం నేను వీడియో కాల్‌లో ఎలుగుబంటి కథ చెబుతుంటే అమ్మ వచ్చింది. "రోజుకు అర్ధగంటే ఫోను. తాతతోని మాట్లాడుతవా, బొమ్మలు చూస్తవా? రెండూ అంటె ఇయ్య," అన్నది.

నువ్వు నా మొహం చూసి, "తాతా, గియ్యాల బొమ్మలల్ల కోతిపిల్ల బడికి పోతది. చూడకపోతె ఎట్ల?" అన్నావు.

"ఒక్కతే పోతది పాపం. నువ్వు ఎంబడి పో బిడ్డా," అని నవ్వాను.

అప్పటి నుంచి నువ్వు ఫోన్ చేయలేదు. సాయంత్రం పూట ఇంట్లో నా దగ్గు తప్ప చప్పుడు లేదు. నీ తప్పేం లేదు, నీ ఈడుకు బొమ్మలే బాగుంటాయి.

అమ్మ మీద కూడా అలగకు. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు, "పిల్లకు అర్ధగంట మించి ఫోను ఇయ్యకు బిడ్డా, కండ్లు పోతయి," అని పట్టుబట్టింది నేనే. నేను నీకు కనపడేది కూడా ఆ ఫోనులోనే అని అప్పుడు తోచలేదు.

ఇట్లా పోస్టుకార్డు రాస్తే ఆ అర్ధగంటలోంచి ఏమీ తగ్గదు. నాలుగు ముక్కలైనా సరే, తొందరగా జవాబు రాయి.

మీ తాత ఏలియా,
అచ్చంపేట